బిల్లులో ఏ లైను తగ్గిస్తారు సార్?

మీరు అడిగింది ఇది. మీ బాబాయి చిత్తూరు నుంచి ఎమ్మెల్యేగా ఇండిపెండెంటుగా నిలబడాలనుకుంటున్నారు. "రాష్ట్రంలో పన్నుల మోత మోగిపోతోంది, గెలిస్తే తగ్గిస్తా" అన్నదే ఆయన ప్రధానమైన మాట. కరపత్రం రాసే పని మీ మీద పడింది. మీ ముసాయిదాలో ఐదు హామీలున్నాయి: పెట్రోలు, డీజిలు ధర తగ్గింపు, జీఎస్టీ రద్దు, రిజిస్ట్రేషన్ ఖర్చు సగానికి సగం, ఇంటి పన్ను రద్దు, కరెంటు చార్జీల తగ్గింపు. ఇవన్నీ ఒక ఎమ్మెల్యే చేయగలడా, జనం నమ్ముతారా అన్నది మీ సందేహం.

నేను తిరుపతిలో ఇరవై ఏడేళ్లుగా ట్యాక్స్ ప్రాక్టీసులో ఉన్నాను. సేల్స్ ట్యాక్స్ పోయి వ్యాట్ వచ్చిన 2005నూ చూశాను, వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చిన 2017నూ చూశాను. నా క్లయింట్లలో లారీ ఓనర్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లు, బంకులవాళ్లు, హోటళ్లవాళ్లు ఉన్నారు. అప్పుడప్పుడు అభ్యర్థులు కూడా లెక్కల కోసం నా దగ్గరికి వస్తుంటారు. అలాంటి ఒకాయనతో పోయి నేను పరువు పోగొట్టుకున్న సంగతి ముందు చెప్తాను. మీ కరపత్రానికి కావాల్సింది చాలావరకు అందులోనే ఉంది.

2024 ఏప్రిల్. పొద్దున తొమ్మిదికే ఎండ మండిపోతోంది. చిత్తూరు సంతపేటలో ఇంటింటికీ తిరుగుతూ ఒక టిఫిన్ సెంటర్ ముందు ఆగాం. అభ్యర్థి దండం పెట్టి, "పన్నులు తగ్గిస్తామన్నా, మమ్మల్ని గుర్తుపెట్టుకో" అన్నాడు. ఓనరు పెనం మీద నీళ్లు చిలకరించి, చెయ్యి తుడుచుకుని, గల్లాపెట్టె కింద నుంచి కరెంటు బిల్లు తీసి టేబుల్ మీద పరిచాడు. "దీంట్లో మీరు తగ్గించేది ఏ లైనో వేలు పెట్టి చూపించండి సార్, చాలు" అన్నాడు.

అభ్యర్థి కళ్లజోడు సవరించుకుని ట్రూ అప్ చార్జీల మీద వేలు పెట్టాడు.

అది పన్ను కాదు. కరెంటు కొన్నదానికీ సరఫరా చేసినదానికీ ముందు వేసుకున్న అంచనా తప్పితే, విద్యుత్ నియంత్రణ మండలి అనుమతితో పంపిణీ సంస్థలు తర్వాత వసూలు చేసుకునే తేడా డబ్బు. పన్ను దాని కింద లైన్లో ఉంది, ఎలక్ట్రిసిటీ డ్యూటీ అని. యూనిట్‌కు 6 పైసలున్న ఆ డ్యూటీని 2022లో వ్యాపార, పారిశ్రామిక కనెక్షన్లకు ఒక్కసారిగా రూపాయి చేశారు. ఓనరు ఆ నెల 400 యూనిట్లు వాడాడు. పాత రేటయితే 24 రూపాయలు, ఆ బిల్లులో 400. ప్రభుత్వం తల్చుకుంటే తగ్గించగల లైను అదొక్కటే. నేను పక్కనుంచి చెప్పబోయేలోపే ఓనరు నవ్వి, బిల్లు మడిచి లోపల పెట్టేసుకున్నాడు. ఆ వీధిలో ఇంకెవరూ మమ్మల్ని పన్నుల గురించి అడగలేదు. వాళ్లకు తెలిసిపోయింది.

కాబట్టి మీ ఐదు హామీలనూ నేను అదే పద్ధతిలో చూస్తాను. ఏ లైను, అది ఎవరి చేతిలో ఉంది, తగ్గిస్తే ఎంత తగ్గుతుంది. ఈ మూడూ చెప్పలేని హామీని కరపత్రంలోంచి తీసేయండి.

మొదట తీసేయాల్సింది జీఎస్టీ రద్దు. దీని మీద ఎక్కువ మాట్లాడే పని కూడా లేదు. జీఎస్టీ రేటును ఏ రాష్ట్రమూ సొంతంగా మార్చలేదు. కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఉండే జీఎస్టీ మండలిలో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి, మొత్తం ఓట్లలో మూడో వంతు ఒక్క కేంద్రానిదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వస్తువుల మీద రేట్లు తగ్గాయి కదా, అది మండలి కూర్చుని తీసుకున్న నిర్ణయం. చిత్తూరు ఎమ్మెల్యే కాదు, ముఖ్యమంత్రి అయినా అక్కడికి వెళ్లి అడగాల్సిందే. బజారు వీధిలో ప్రతి షాపువాడికీ ఈ సంగతి తెలుసు, నెలనెలా రిటర్నులు వేసేది వాళ్లే. వాళ్ల ముందు ఈ హామీ చదివితే మిగతా నాలుగూ వినరు.

పెట్రోలు, డీజిలు దగ్గర మాత్రం కాస్త ఆగుదాం. చిత్తూరులో పన్నుల మీద ఓటు అడగాలంటే ఇంతకు మించిన అంశం లేదు.

వస్తువుల అమ్మకం మీద జీఎస్టీలోకి రాకుండా రాష్ట్రాల చేతిలో మిగిలిన పెద్ద పన్నులు రెండే, ఇంధనం మీదా మద్యం మీదా. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్ అనే అమ్మకం పన్ను, దానిపైన లీటరుకు 4 రూపాయలు అదనపు వ్యాట్, ఆ పైన రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు. డీజిలు మీద 22.25 శాతం, మళ్లీ అదే 4, అదే 1. పక్కనున్న తమిళనాడులో పెట్రోలు మీద 13 శాతం, దానికి తోడు లీటరుకు 11 రూపాయల 52 పైసలు. 2025 ధరల్లో చూస్తే చిత్తూరు బంకుకూ కాట్పాడి బంకుకూ పెట్రోలు మీద తేడా లీటరుకు ఎనిమిది రూపాయల దాకా ఉంది, డీజిలు మీద నాలుగైదు రూపాయలు.

ఈ తేడాను చిత్తూరువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వేలూరు సీఎంసీకి చూపించుకోవడానికి పోయినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ట్యాంకు నింపుకునే వస్తారు. నగరివాళ్లు తిరుత్తణి వైపు, పలమనేరువాళ్లు కోలారు వైపు. లారీ అయితే సరేసరి. 300 లీటర్ల ట్యాంకు అవతల నింపుకుంటే ఒక్కో ట్రిప్పుకు పన్నెండు పదిహేను వందలు మిగులుతుంది. నరహరిపేట చెక్‌పోస్టుకు ఇవతల బంకు నడిపే నా క్లయింటు ఒకాయన ఉన్నాడు. ఆయన బంకులో లారీలు ఆగుతాయి, గాలి పట్టించుకుంటాయి, డ్రైవర్లు మొహం కడుక్కుంటారు, బాటిళ్లలో నీళ్లు పట్టుకుంటారు, కదిలిపోతాయి. "గాలికీ నీళ్లకీ వ్యాట్ లేదు కదన్నా, అందుకే ఈడ నిలబెడతారు" అంటాడు.

ఇక్కడ మీ బాబాయి ఒక వాదన నిలబెట్టొచ్చు. అవతల పోయించుకున్న ప్రతి లీటరు మీదా మన రాష్ట్రానికి వచ్చేది సున్నా. ఇక్కడ పోయించుకుంటే పెట్రోలు మీద దాదాపు ముప్పై రూపాయలు. రెండు మూడు రూపాయలు తగ్గించినా, పోయిన అమ్మకంలో కొంత వెనక్కి వస్తే సరిహద్దు మండలాల వరకు నష్టం అంత ఉండదు. ఇది న్యాయమైన మాట. కానీ ఇక్కడే ఆగండి. "తగ్గిస్తే రాష్ట్రానికి ఆదాయం పెరుగుతుంది" అని మాత్రం రాయకండి. గుంటూరువాడు పెట్రోలు కోసం కాట్పాడి పోడు. అక్కడ తగ్గించిన ప్రతి రూపాయీ ఖజానాకు నష్టమే. పన్ను రేటు రాష్ట్రమంతటికీ ఒక్కటే. చిత్తూరులో లాభంగా కనిపించే లెక్క గుంటూరులో బోర్లా పడుతుంది.

ఎంత నష్టం అన్నదానికి మనకు పాత లెక్క ఒకటి ఉంది. 2018 సెప్టెంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పెట్రోలు, డీజిలు రెండిటి మీదా లీటరుకు 2 రూపాయలు తగ్గించారు. ఏడాదికి 1,120 కోట్లు పోతాయని ప్రభుత్వం అప్పుడే చెప్పింది. 2020 జూలైలో తర్వాతి ప్రభుత్వం ఆ అదనపు వ్యాట్‌ను మళ్లీ 4 రూపాయలకు తెచ్చింది. తగ్గించడం ఎంత సులువో పెంచడమూ అంతే సులువు, జీవో ఒకటి చాలు.

ఎన్నికల హామీగా ఇచ్చి తగ్గించిన ఉదాహరణ కావాలంటే సరిహద్దు అవతలే ఉంది. 2021 ఎన్నికల్లో డీఎంకే పెట్రోలు మీద 5 రూపాయలు, డీజిలు మీద 4 రూపాయలు తగ్గిస్తామంది. గెలిచాక ఆగస్టులో ముందు రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం పెట్టింది. తర్వాత బడ్జెట్‌లో పెట్రోలు మీద 3 రూపాయలు తగ్గించి, ఏడాదికి 1,160 కోట్ల నష్టం అని చెప్పింది. డీజిలు జోలికి పోలేదు. మీరు దీన్ని మాట తప్పడం అంటారో, లెక్క చూసుకుని ఇచ్చినంత ఇవ్వడం అంటారో మీ ఇష్టం. నేనైతే ఆ 3 రూపాయల కంటే ఆ 1,160 కోట్ల అంకెకు ఎక్కువ మార్కులు వేస్తాను. ఎంత పోతుందో చెప్పి మరీ తగ్గించేవాళ్లు తక్కువ. కర్ణాటక కథ తిరగబడింది. అక్కడ 2023లో గ్యారంటీల మీద, అంటే ఉచిత పథకాల హామీల మీద ఎన్నిక జరిగింది, 2024 జూన్‌లో పెట్రోలు మీద 3 రూపాయలు, డీజిలు మీద మూడుకు పైగా పెరిగాయి.

"కేంద్రం కూడా వేస్తోంది కదా, దాన్ని తగ్గించమనండి" అని సభలో ఎవరో ఒకరు లేస్తారు. లేస్తే తప్పేం లేదు. 2025 ఏప్రిల్ నాటి లెక్క ప్రకారం లీటరు పెట్రోలు మీద కేంద్ర సుంకం 21 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలకు వాటా వచ్చేది 1 రూపాయి 40 పైసల మూల సుంకంలోంచే. మిగతాదంతా సెస్సు, ప్రత్యేక సుంకం పేర్లతో కేంద్రం దగ్గరే ఉండిపోతుంది. రాష్ట్రాలు పెట్రోలునూ మద్యాన్నీ ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. అయినా మీ బాబాయి నిలబడేది పార్లమెంటుకు కాదు. ఒక్క వాక్యంలో చెప్పి రాష్ట్రం లైను దగ్గరికి వచ్చేయమనండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇండిపెండెంటు ఎమ్మెల్యే ఒక్కడు ఏం చేయగలడు? పన్ను బిల్లు తనంతట తాను పెట్టలేడు, రాజ్యాంగం 207వ అధికరణం ప్రకారం దానికి గవర్నర్ సిఫారసు కావాలి, అంటే ప్రభుత్వమే తేవాలి. కానీ అదే అధికరణంలో చాలామంది చదవని ఒక మినహాయింపు ఉంది. సభ ముందుకు వచ్చిన బిల్లులో పన్నును తగ్గించమనో ఎత్తేయమనో సవరణ పెట్టడానికి ఆ సిఫారసు అక్కర్లేదు. పెంచమనడానికే అడ్డు, తగ్గించమనడానికి లేదు. కాబట్టి వ్యాట్ చట్టమో మోటారు వాహనాల పన్ను చట్టమో సభలోకి వచ్చిన ప్రతిసారీ మీ బాబాయి ఒక సవరణ పెట్టొచ్చు. అది ఓడిపోతుంది, అందులో అనుమానం లేదు. కానీ సభ రికార్డులో ఉంటుంది, మంత్రి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. "తగ్గిస్తా" అనే మాటను "తగ్గించమని సవరణ పెడతా" అని మార్చండి. ప్రచార సభలో విజిళ్లు కొంచెం తగ్గుతాయి, ఐదేళ్ల తర్వాత ఇదే వీధిలోకి మళ్లీ రావడానికి మొహం మిగులుతుంది.

రిజిస్ట్రేషన్ ఖర్చు సగం అన్నారు. మన దగ్గర స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర. ఇందులో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థల కోసం వసూలు చేసేది. దాన్ని కోస్తే మీ పంచాయతీ వీధిలైట్ల డబ్బులే పోతాయి. అసలు మెలిక శాతంలో లేదు, మార్కెట్ విలువలో ఉంది. ప్రభుత్వం పుస్తకంలో 20 లక్షలు రాసి ఉన్న ప్లాటుకు ఏడున్నర శాతం అంటే లక్షన్నర. 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రంలో మార్కెట్ విలువలు సవరించారు. మీ ప్లాటు విలువ 24 లక్షలు అయిందనుకోండి, రేటు ఏమీ మారకుండానే ఖర్చు లక్షా ఎనభై వేలు అవుతుంది. ఎవరూ "పన్ను పెంచాం" అని చెప్పరు, నిజానికి పెంచలేదు కూడా. ఇలాంటప్పుడు "రేటు సగం" అని అరిచేకంటే, "విలువలు పెంచిన ఏడాది అంతకు తగ్గట్టు రేటు దించాలి" అనడం గట్టి వాదన. పై లెక్కలో రేటు ఆరుంపావుకు దిగితే పాత లక్షన్నరే వస్తుంది. మురకంబట్టులో ప్లాటు కొన్న ఏ టీచరుకైనా ఇది వెంటనే ఎక్కుతుంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చుని చలానా లెక్క వేసుకున్నవాళ్లే అందరూ.

ఇంటి పన్ను రద్దు హామీ ఇవ్వకండి. చిత్తూరు కార్పొరేషన్‌కు సొంతంగా వచ్చే డబ్బులో అది ముఖ్యమైనది. రద్దు చేస్తే కాలువ తీసేవాడికి జీతం ఎక్కడిది? అడగాల్సింది వేరే ఉంది. 2020లో చట్టం మార్చి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు ముడిపెట్టారు, ఏడాదికి పెరుగుదల 15 శాతం దాటకుండా కట్టడి పెట్టారు. ఏటా 15 శాతం చొప్పున పెరుగుతూ పోతే ఐదేళ్లకు రెట్టింపు దాటుతుందని ఎవరికైనా లెక్కకు అందుతుంది. ఆ 15ను తగ్గించమనండి, దానికి అర్థముంది. అన్నట్టు, ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంది. ఇంటింటి ప్రచారంలో ఈ మాట చెప్పమనండి, హామీ కంటే ముందు ఉపకారం జరుగుతుంది.

ఈ విషయంలో గెలిచిన హామీ ఒకటుంది, గమనించండి. చెత్త పన్ను. 2021లో మొదలైంది, ఇంటికి నెలకు 120 రూపాయల దాకా. పెట్రోలు మీద ఒక మోటారుసైకిలువాడు నెలకు అంతకంటే చాలా ఎక్కువ పన్ను కడతాడు, కానీ అది ధరలో కలిసిపోయి కనిపించదు. చెత్త పన్ను కోసం మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. చేత్తో తీసి ఇచ్చే అరవై రూపాయలు, బంకులో కలిసిపోయిన ఆరు వందల కంటే ఎక్కువ మండిస్తాయి. 2024 ఎన్నికల్లో దాన్ని తీసేస్తామన్న హామీకి పేరు ఉంది, అంకె ఉంది, ఎవరు తీసేయగలరో స్పష్టంగా ఉంది. గెలిచిన ప్రభుత్వం 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో రద్దు ప్రకటించింది. "పన్నులు తగ్గిస్తాం" అని ఉంటే అంత పని జరిగేది కాదు. పాత లారీల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ విషయమూ ఇలాంటిదే. లారీ ఓనర్లు పేరు పెట్టి అడిగారు, 2025లో తగ్గింది.

కరెంటు సంగతి సంతపేటలోనే అయిపోయింది. చార్జీలు అని రాయకండి, డ్యూటీ అని రాయండి. రాసే ముందు నియోజకవర్గంలో నాలుగు షాపుల్లో తాజా బిల్లులు తీసుకుని డ్యూటీ లైనులో ఇప్పుడెంత ఉందో కళ్లారా చూసుకోండి.

ఇక చివరికి అందరూ వేసే ప్రశ్న: "తగ్గిస్తే పింఛన్లు ఎక్కడి నుంచి ఇస్తారు?" దీన్ని ఎగతాళిగా తీసుకోవద్దు. అడిగేది నెలనెలా ఒకటో తారీఖున 4,000 తీసుకునే మీ అవ్వే కావచ్చు. రాష్ట్రంలో పింఛన్లకు నెలకు దాదాపు 2,700 కోట్లు పోతున్నాయి. 2018 నాటి 2 రూపాయల తగ్గింపుకు ప్రభుత్వం చెప్పిన ఏడాది ఖర్చు సగం నెల పింఛన్లకు కూడా చాలదు. ఇప్పుడు అమ్మకాలు పెరిగి ఉంటాయి కాబట్టి ఆ ఖర్చూ కొంత పెరుగుతుంది. అయినా ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, 2 రూపాయల మాట పింఛను మీదికి రాదని అవ్వకు అర్థమవుతుంది. అదే పది రూపాయలు తగ్గిస్తానంటే ఆ ధైర్యం చెప్పలేరు. అందుకే 2 రూపాయల దగ్గరే ఉండమంటున్నాను. మద్యం మీద పన్ను తగ్గించే మాట అసలు ఎత్తకండి. 1995లో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో సడలించాల్సి వచ్చింది. ఆ డబ్బు లేకుండా బండి నడపడం ఎంత కష్టమో ఈ రాష్ట్రానికి అనుభవమే.

ఎన్నికల సంఘం నియమావళి కూడా ఇదే అడుగుతుంది. 2013లో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, హామీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో స్థూలంగానైనా చెప్పాలని మ్యానిఫెస్టోల గురించి ఒక భాగం అందులో చేరింది. చెప్పనివాళ్లకు పెద్దగా జరిగేదేమీ లేదు, నిజమే. చెప్పినవాళ్లు తక్కువమంది కాబట్టి చెప్తే కనబడతారు.

నేనైతే కరపత్రం ఇలా రాస్తాను. కావాలంటే మార్చుకోండి:

"చిత్తూరులో పెట్రోలు లీటరుకు ఇంత, కాట్పాడిలో ఇంత. తేడా మన రాష్ట్ర పన్ను. అదనపు వ్యాట్ 4 రూపాయలను 2 చేయమని శాసనసభలో సవరణ పెడతాను. 2018లో ఇదే తగ్గింపుకు ఏడాదికి 1,120 కోట్లు ఖర్చవుతుందని ప్రభుత్వం చెప్పింది, పింఛన్లకు నెలకు అయ్యే ఖర్చులో అది సగం కూడా కాదు. భూమి విలువలు పెంచిన ఏడాది రిజిస్ట్రేషన్ రేటు దించాలని, ఇంటి పన్ను ఏటా 15 శాతం పెరగకూడదని అడుగుతాను. జీఎస్టీ నా చేతిలో లేదు, దాని గురించి హామీ ఇవ్వను."

ఆ చివరి వాక్యం తీసేయమని మీ బాబాయి అంటారు. ఉంచమనండి. మిగతా మూడింటినీ నమ్మించేది అదే.

ఖాళీలున్న చోట ధరలు ప్రింటుకు ఇచ్చే రోజు పొద్దున బంకు బోర్డు చూసి వేయండి, పాత అంకె వేస్తే బంకు దగ్గరే దొరికిపోతారు. వీలైతే సరిహద్దు బంకులవాళ్లను నలుగురిని అడిగి, ఐదేళ్ల కింద నెలకు ఎన్ని కిలోలీటర్లు అమ్మేవాళ్లో ఇప్పుడెంత అమ్ముతున్నారో రాసుకోండి. వాళ్లు సంతోషంగా చెప్తారు, ఇన్నాళ్లూ అడిగినవాళ్లే లేరు. ఇంకొకటి, కరపత్రం కింద ప్రింటింగ్ ప్రెస్సు పేరు, అడ్రసు, అచ్చు వేయించినవారి పేరు, అడ్రసు తప్పనిసరిగా ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ అది, లేకపోతే ఆరు నెలల దాకా జైలో రెండు వేల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. మీ ముసాయిదాలో ఆ లైను లేదు.